అబ్బాస్ అలీ బేగ్‌కు వచ్చిన ఉత్తరాలు



హైదరాబాద్ రంజీ జట్టు ప్రస్తావన రాగానే మన పెద్దలు గులాం అహ్మద్ ఆఫ్ స్పిన్‌నో, 1937-38 ఫైనల్లో నవానగర్‌పై ఒకే ఒక్క వికెట్ తేడాతో సాధించిన గెలుపునో తలచుకుంటారు. మేము మాత్రం కొన్ని ఉత్తరాలతో మొదలుపెట్టదలచాము.

1959లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న మన నగర యువకుడు అబ్బాస్ అలీ బేగ్‌ను ఇంగ్లండ్ పర్యటనలో ఉన్న భారత జట్టు మాంచెస్టర్ టెస్టుకు పిలిపించింది. ఆడిన తొలి టెస్టులోనే ఆయన 112 పరుగులు చేశారు. దేశం మురిసిపోయింది. ఏడాదిన్నర తిరిగేసరికి పాకిస్తాన్ జట్టు ఇక్కడికి వచ్చింది. మూడు టెస్టుల్లో బేగ్ బ్యాటు పలకలేదు. ఏ ఆటగాడికైనా అటువంటి రోజులు తప్పవు. పైగా ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ డ్రాగానే ముగిశాయి. నింద మోపడానికి ఓటమి అంటూ ఒకటి ఉండాలి కదా! అయినా ఉత్తరాలు వచ్చాయి, పాకిస్తాన్ కోసం కావాలనే అవుటయ్యాడని. ఆయన జట్టులో చోటు కోల్పోయారు. మళ్లీ టెస్టు ఆడింది 1966లోనే.

ఆ రోజుల హైదరాబాద్ జట్టును చూడండి. భారత జట్టుకు నాయకుడైన పటౌడీ ఇక్కడ జయసింహ నాయకత్వంలో ఆడేవారు. వారి సహచరుడు ఆబిద్ అలీ 1971లో ఓవల్ మైదానంలో భారత్‌కు గెలుపు పరుగులు కొట్టారు. 2025లో అదే ఓవల్‌లో చివరి వికెట్ తీసి ఆరు పరుగుల గెలుపు తెచ్చినవాడు మన ఆటో డ్రైవరు కొడుకు సిరాజ్. టెన్నిస్ బంతితో ఆట నేర్చి, 2016-17 రంజీలో 41 వికెట్లు తీసినవాడు.

ఈ జాబితా చదువుతుంటే మనకూ ఒక బలహీనత పట్టుకుంటుంది. ఎవరైనా మన విధేయతను ప్రశ్నిస్తే వెంటనే ఈ వికెట్లను, పరుగులను సాక్ష్యంగా పరుస్తాము. అది పొరపాటని మా అభిప్రాయం. 2021లో దుబాయిలో పాకిస్తాన్ చేతిలో ఓడిన రాత్రి, బెంగాల్ రంజీ ఆటగాడు షమీకి అవే మాటలు ఫోన్ తెర మీద వచ్చాయి. అప్పటికి ఆయన తీసిన వికెట్లేవీ అడ్డుపడలేదు. బేగ్ శతకమూ అడ్డుపడలేదు. సున్నాకు అవుటైనవాడూ ఈ దేశ పౌరుడే. మనం అడగవలసింది ఆ సున్నాకు కూడా చోటు.

వచ్చే ఆదివారం మీ పిల్లవాడు మొదటి బంతికే అవుటై ఇంటికి వస్తే, ముందు అన్నం పెట్టండి. తరువాత, ఆ బంతి ఎటు తిరిగిందో అడగండి.