విహారంలో రాజ్యాంగ పఠనం

 

ఏటా నవంబరు 26 వచ్చేసరికి మనం రాజ్యాంగ ప్రతిని బల్లమీద ఉంచి, పూలమాల వేసి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. సభ ముగిశాక దానిని నీలిగుడ్డలో చుట్టి బీరువాలో భద్రపరుస్తాం. మా విహారంలోని ప్రతిని ఈమధ్య విప్పి చూసినప్పుడు కొన్ని పుటలు ఇంకా ఒకదానికొకటి అంటుకొనే ఉన్నాయి. విగ్రహారాధనను విడిచి వచ్చిన మనం ఒక గ్రంథాన్నే విగ్రహంగా చేసుకొన్నామా అన్న సందేహం మాకు అప్పుడు కలిగింది. నేటి ఈ మాటలకు ఆ సందేహమే మూలం.

బౌద్ధ సంఘంలో నియమం ఏ విధంగా నిలిచిందో ఒకసారి జ్ఞాపకం చేసుకొందాం. పక్షానికి ఒకమారు, ఉపోసథ దినాన, భిక్షువులు ఒకచోట చేరి పాతిమోక్ఖాన్ని వల్లిస్తారు. థేరవాద సంప్రదాయంలో భిక్షువులకు అవి 227 నియమాలు. ఒకరు పైకి వినిపిస్తారు, తక్కినవారు శ్రద్ధతో వింటారు. ప్రతి విభాగం చివర, ఇందులో మీరు పరిశుద్ధులేనా అని సంఘాన్ని మూడుసార్లు అడుగుతారు. నియమం కొందరు పెద్దలకే తెలిసి, పిన్నలు వారి మాటకు తలవంచాలన్న పద్ధతి అక్కడ లేదు. ఎవరు దేనికి లోబడి జీవించాలో అది వారి చెవిన పడవలసిందే. మన తాతముత్తాతలను శాసించిన శాస్త్రం మాత్రం వారు వినడానికి సైతం అర్హులు కారని చెప్పిన శాస్త్రం. వినయానికీ మనుధర్మానికీ గల భేదాలలో ఇది చిన్నదేమీ కాదు.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో డాక్టర్ అంబేడ్కర్ ఈ భిక్షు సంఘాలనే ప్రస్తావించారు. తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు వంటి సభానియమాలు సంఘానికి తెలుసునని సభ్యులకు గుర్తుచేశారు. ఆ ప్రజాస్వామ్య పద్ధతిని ఈ దేశం ఒకసారి పోగొట్టుకొన్నదనీ, రెండవసారి కూడా పోగొట్టుకొంటుందేమోననీ ఆందోళన వెలిబుచ్చారు.

ధర్మదీక్ష స్వీకరించిన మనకు రాజ్యాంగ పఠనం ఎంతటి అవసరమో మన చరిత్రే చెబుతుంది. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ వెంట లక్షలాది జనులు బుద్ధుని శరణు పొందారు. పొందిన వెంటనే ఒక గోడ ఎదురైంది. హిందూ మతానికి భిన్నమైన మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డు కులాల సభ్యులుగా పరిగణింపబడరని 1950 నాటి ఒక ఉత్తర్వు అప్పట్లో అన్నది. 1956లో సిక్కులకు అందులో చోటు దొరికింది, బౌద్ధులకు దొరకలేదు. నాగపూరులో రిజర్వుడు స్థానం నుండి శాసనసభకు ఎన్నికైన ఒకరు బౌద్ధులైనందున ఆ స్థానానికి అర్హులు కారని 1964లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటరానితనం చేసిన గాయం దీక్షతో మాయమైపోయినట్లూ, ఊరి చివరి గుడిసె ఆ రోజే ఊరి నడుమకు వచ్చినట్లూ!

ఆ గోడ ఎక్కడ ఉన్నది? రాజ్యాంగంలోనే ఉన్నదని నేటికీ మనలో పలువురు అనుకొంటారు. కాదు. 341వ అధికరణను విప్పి చదివితే, షెడ్యూల్డు కులాలను రాష్ట్రపతి ప్రకటిస్తారనీ, ఆ జాబితాను పార్లమెంటు చట్టం ద్వారా మార్చవచ్చుననీ ఉంటుంది. మతం అన్న మాట అందులో లేనే లేదు. గోడ ఉన్నది ఆ ఉత్తర్వు మూడవ పేరాలో. ఈ తేడా తెలియనివారు రాజ్యాంగమే మనకు అన్యాయం చేసిందని నిరాశపడి ఊరుకొన్నారు. తెలిసినవారు ఆ పేరాను మార్చమని అడిగారు. 1990లో పార్లమెంటు మామూలు చట్టంతోనే అక్కడ బౌద్ధుల పేరు చేర్చింది. 34 సంవత్సరాలు పట్టింది. ఆ పేరా ఇంకా ఉంది, అందులో చోటు దొరకనివారు ఇంకా ఉన్నారు. అది వేరే చర్చ.

మరి 1990 తరువాత? మా సభ్యులొకరి కుమారుడు కుల ధ్రువీకరణ పత్రం కోసం వెళ్లినప్పుడు, మతం గడిలో బౌద్ధం అని చూసి, అలా రాస్తే పత్రం రాదు, హిందువని రాయి బాబూ అని అక్కడి గుమాస్తా సలహా ఇచ్చాడు. పిల్లవాడు కొట్టివేసి అలాగే రాశాడు. ఇరవైరెండు ప్రతిజ్ఞలు చేసిన తండ్రి బిడ్డ! గుమాస్తాను తిట్టి ఏం లాభం? ఆయన ఆ చట్టాన్ని చదవలేదు. చదవమని చూపించడానికి మన చేతిలోనూ అది లేదు.

25వ అధికరణ విషయంలోనూ ఇదే పొరపాటు. హిందువులంటే సిక్కులు, జైనులు, బౌద్ధులు కూడా అని రాజ్యాంగం చెప్పింది కనుక మీరు హిందువులేనని మనతో వాదించేవారున్నారు. ఆ వివరణ సంఘ సంస్కరణకూ, హిందూ మత సంస్థల తలుపులు అన్ని వర్గాలకూ తెరవడానికీ సంబంధించిన ఒక్క ఉపఖండానికి మాత్రమే పరిమితమని పుస్తకం తెరచి చూపితే వాదం అక్కడితో ఆగుతుంది.

రాజ్యాంగ భాష కఠినమన్న మాట నిజమే. తెలుగు అనువాదంలో కొన్ని వాక్యాలు ఒక పుట మొదట ఆరంభమై చివరికిగాని ముగియవు. మేమూ తడబడ్డాం. అందుకని గత కొన్ని నెలలుగా పౌర్ణమి నాడు, బుద్ధవందన అయిన పిమ్మట, ఒక్కొక్క అధికరణ పైకి చదువుతున్నాం. ఎవరికి అర్థంకాని మాట వారు ఆపి అడగవచ్చు. చదువుకొన్నవారు ముందు కూర్చోవడం, చదువురానివారు వెనుక కూర్చోవడం అక్కడ లేదు.

15వ అధికరణ చదివిన రాత్రి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాం. మతం, కులం వంటి కారణాలతో ఏ పౌరునికీ బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల వాడకంలో ఆటంకం ఉండరాదన్న చోటికి వచ్చాం. 1927లో మహాడ్ చెరువు నీటిని బాబాసాహెబ్ దోసిట పట్టిన సంగతి ఒకరు చెప్పారు. 1985 జూలైలో కారంచేడులో మంచినీటి చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురి ప్రాణాలు తీసిన సంగతి మరొకరు చెప్పారు. అప్పటికే రాజ్యాంగానికి ముప్పై అయిదేళ్లు. అంతవరకు మౌనంగా ఉన్న ఒక వృద్ధ ఉపాసిక లేచి, "బావి అని ఆ పుస్తకంలో రాసే ఉందా నాయనా? మీరు చేర్చి చదివారా?" అని అడిగింది. రాసే ఉందమ్మా అన్నాం. చిన్నతనంలో ఆమె బావి గట్టుకు దూరంగా కడవ పెట్టుకొని, ఎవరైనా దయతలచి నీళ్లు పోసేదాకా నిలబడేదట. అప్పటికే ఆ మాట ఆ పుస్తకంలో ఉంది. ఆమెకు చెప్పినవారు లేరు.

ఆమె దగ్గరకు వచ్చి, ఆ మాట ఎక్కడుందో వేలుపెట్టి చూపమన్నది. చూపాం. మళ్లీ ఒకసారి చదవమన్నది. చదివాం. వచ్చే పౌర్ణమికి 17వ అధికరణ. సాయంకాలం ఆరు గంటలకు ఆరంభిస్తాం. అందరూ రావలసిందిగా కోరుతున్నాం.