విత్తనపు దుబ్బు నేరుకొను విధము



నెల్లూరు తీరమున మొలగొలుకుల వరి పేరెన్నిక గన్నది. దాని బియ్యము సన్నము, అన్నము రుచికరము. అయినను ఆ పైరు పొడవుగ నెదుగును. ఎరువు హెచ్చినను, ఈశాన్య ఋతుపవనకాలమున గాలివాన కొట్టినను నేలకొరుగును. కావున పైరు ఎత్తును చూచి దిగుబడి నెంచుట సరికాదు. 1966వ సంవత్సరమున ఫిలిప్పైన్సు దేశములోని అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థ విడుదల చేసిన ఐ.ఆర్. 8 రకము పొట్టిదై, ఎరువు వేసినను పడక నిలిచి, అధిక ఫలము నిచ్చి ఈ సంగతిని లోకమునకు చాటెను.

దిగుబడికి మూలములు మూడు: చదరపు మీటరు నేలలోని వెన్నులు, వెన్నుకు నిండుగింజలు, గింజ బరువు. వెన్నులు 300, వెన్నుకు నిండుగింజలు 100, వేయిగింజల తూకము 20 గ్రాములు అనుకొన్నచో మీటరుకు 600 గ్రాములగును. అనగా ఎకరమునకు సుమారు 24 క్వింటాళ్లు. ఆ నూరు గింజలలో 20 తాలైనచో సుమారు 5 క్వింటాళ్లు నష్టము.

ఈ మూడును ఒకదానితో నొకటి ముడివడి యున్నవి. పిలకలు మితిమీరినచో వెన్నులు చిన్నవగును. వెన్ను పొడవైనను గింజ పలుచగా నున్నచో లాభము లేదు. మెడవిరుపు తెగులు తగిలిన వెన్ను తాలుగా మిగులును. మొక్కజొన్నయందును ఇదే న్యాయము: కండె పొడవైనను కొనవరకు గింజ కట్టనిచో ఆ పొడవు వ్యర్థము. ఒక గుణము దిగుబడిని తానుగా పెంచునో, వేరొక గుణము ద్వారా పెంచునో విడదీయు గణితమార్గమును అమెరికా శాస్త్రజ్ఞుడు స్యూయల్ రైటు 1921లో వివరించెను. నూతన రకములను సృష్టించువారు నేటికిని దాని ననుసరించుచున్నారు.

రైతు చేయదగిన పని సులభము. గట్టు ప్రక్కనున్న దుబ్బులకు వెలుతురును బలమును ఎక్కువ. వాని పుష్టి జాతిగుణము కాకపోవచ్చును. కావున మడి నడుమ, ఒత్తుగా నాటిన చోటనే దుబ్బుల నేరవలెను. పడనివి, తెగులు లేనివి, ఒకేసారి పండినవి కోసి, తాలు తీసి, నిండుగింజలను తూచవలెను. బరువు తూగిన దుబ్బుల గింజలను వేరువేరుగా నుంచి, మరుసటి యేడు వేరువేరు సాళ్లలో నాటి, సాలునకు సాలు పోల్చవలెను. అచ్చటను మిన్నగా పండినదే నిజమైన మేలుజాతి. బెరుకు మొక్కలను పూతకు ముందే పెరికివేయవలెను. సంకర విత్తనముతో పండించిన పంటనుండి మాత్రము విత్తనము తీయరాదు. మరుసటి పైరు ఏకరీతిగా నుండదు.

కంటికి నచ్చిన దుబ్బును గాక, త్రాసులో తూగిన దుబ్బును విత్తనమునకు దాచిన రైతు గాదె నిండును.