సీటు వచ్చింది సరే, ఫీజు ఎవరు కడతారు?

పన్నెండో తరగతి అయిపోగానే ఇంట్లో ఒకటే మాట: విట్‌లో సీటు వస్తుందా?

1984లో వెల్లూరులో ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన విట్, 2001లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. మంచి చదువే, కాదనను. అయితే అక్కడ ఫీజు కేటగిరీలు ఐదు. ర్యాంకు వెనక్కి పోయేకొద్దీ ఫీజు పెరుగుతుంది. సీటు వచ్చిందని స్వీట్లు పంచేముందు ఏ కేటగిరీలో వచ్చిందో చూడండి. గుడియాత్తంలో లుంగీలు నేసే ఇంటికి, అగ్గిపెట్టెల పనికి పోయే తల్లికి ఆ నాలుగేళ్ల లెక్క చిన్నది కాదు.

ప్రభుత్వ కౌన్సెలింగుకు ప్రవేశ పరీక్షే లేదు. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులను 200కు లెక్కగట్టి ర్యాంకు ఇస్తారు. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు 2021 నుంచి 7.5 శాతం సీట్లున్నాయి, వాళ్ల ఫీజు ప్రభుత్వమే కడుతుంది. వెల్లూరులోనే తందై పెరియార్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, మనవాళ్లు దాని పేరే ఎత్తరు!

బీఎస్సీ అంటే చిన్నచూపు వద్దు. గుడియాత్తంలో ప్రభుత్వ తిరుమగళ్ మిల్స్ కాలేజీ ఉంది. వెల్లూరు ఊరీస్ కాలేజీలో సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివారు.

ఇక దళిత క్రైస్తవ పిల్లలు వినండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల మనకు ఎస్సీ హోదా లేదు. ఆంధ్రలో బీసీ-సి, ఇక్కడ సీటు దగ్గర బీసీ. కానీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులో తమిళనాడు ప్రభుత్వం ఎస్సీలతోపాటు క్రైస్తవులుగా మారిన ఎస్సీలనూ చేర్చింది. చాలా సంఘాల్లో ఈ మాట చెప్పేవాళ్లే లేరు. కమ్యూనిటీ సర్టిఫికెట్‌లో ఏం రాసి ఉందో ఈ రాత్రే తీసి చదవండి. తప్పుంటే కౌన్సెలింగు మొదలవకముందే తాసిల్దారు ఆఫీసుకు వెళ్లండి.