ఉమ్మడి నీరు - ఉమ్మడి నిల్వ

(మహాసభల విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

భోజనాల వేళ దగ్గరపడుతోందని నాకూ తెలుసు. త్వరగానే ముగిస్తాను.

నేను ఒమాన్‌లోని ఇబ్రా నుంచి వచ్చాను. మస్కట్‌కు సుమారు 150 కిలోమీటర్లు. ఖర్జూర తోటలు, పాత మట్టి ఇళ్ళు, బుధవారం నాడు ఆడవాళ్ళ కోసమే జరిగే సంత - ఇదీ మా ఊరు. ఒమాన్‌లో తోటలకు నీళ్ళు 'ఫలజ్' అనే కాలువల్లో వస్తాయి. ఆ నీరు ఊరందరిదీ. ఎవరి వంతు ఎంతసేపో లెక్క ఉంటుంది. ఆ లెక్క చూసే పెద్దను వకీల్ అంటారు. మా అనంతపురం వైపు చెరువు నీళ్ళు పంచే నీరుగంటి లాంటివాడన్నమాట. ఇలాంటి ఐదు ఫలజ్‌లను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కంప్యూటర్ల మనిషికి కాలువల గొడవ ఎందుకంటారా? చెబుతాను.

నేను ఒక కళాశాలలో కంప్యూటర్ల బాగోగులు చూసేవాణ్ణి. అక్కడ మన గుంటూరు మాస్టారొకరు మూడేళ్ళపాటు వారం వారం ఫలజ్ నీటి ప్రవాహాన్ని, బావుల్లో ఉప్పదనాన్ని కొలిచారు. కాంట్రాక్టు ముగిసింది. సామాను కట్టుకుని ఇండియా వెళ్ళిపోయారు. కొత్తాయన వస్తున్నాడు, ఆ కంప్యూటరు సిద్ధం చెయ్యమన్నారు. చేశాను. ఫార్మాట్ కొట్టింది ఈ చేతులే. ఆరు నెలలకు మాస్టారి ఫోను. "తమ్ముడూ, నా హార్డ్ డిస్కు పనిచేయడం లేదు. అక్కడున్న కాపీ పంపుతావా?"

ఏం చెప్పను? వ్యాసం పోతే మళ్ళీ రాసుకోవచ్చు. గడిచిపోయిన వారం నీళ్ళను మళ్ళీ ఎవరు కొలుస్తారు? ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

తప్పు నాదే. కానీ ఆ డేటా ఒక మనిషి సూట్‌కేసులో, ఒక గది కంప్యూటరులో తప్ప ఇంకెక్కడా లేకపోవడం అసలు జబ్బు. మనలాంటి కాంట్రాక్టు ఉద్యోగులున్న చోట ఈ జబ్బు ఎక్కువ.

దీనికి మందు ఉమ్మడి నిల్వ. జర్మనీలో నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రపు విశ్వవిద్యాలయాలు చేతులు కలిపి 2015లో 'సీబో' అనే సేవ ప్రారంభించాయి. మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయం దాన్ని నడుపుతుంది. ఎవరికి వారు బావి తవ్వుకోకుండా, ఊరంతా కలిసి కాలువ తవ్వుకోవడమే ఇది.

"ఉచితంగా ఇచ్చే కంపెనీలుండగా ఇదంతా ఎందుకు?" అని అడుగుతారు. విద్యాసంస్థలకు అపరిమితంగా ఇస్తూ వచ్చిన నిల్వను గూగుల్ ఇక ఆపుతామని 2021లో ప్రకటించింది. 2022 జూలై నుంచి సంస్థ మొత్తానికి ఉమ్మడిగా 100 టెరాబైట్లే మూల కేటాయింపు అయింది. ఎన్నో విశ్వవిద్యాలయాలు ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని తలలు పట్టుకున్నాయి. పక్కవాడి బావి నీళ్ళు వాడి దయ ఉన్నంతవరకే.

అయితే ఉమ్మడిగా దాస్తే చాలదు. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటర్ నిల్వలో సుమారు 77 టెరాబైట్ల డేటా తుడిచిపెట్టుకుపోయింది. పాత లాగ్ ఫైళ్ళు తొలగించవలసిన ప్రోగ్రాంకు చేసిన సవరణలో పొరపాటే కారణం. అందుకే మా వృత్తిలో ఒక మాట ఉంది: మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒక కాపీ వేరే ఊళ్ళో. దానికి నేను ఇంకొకటి కలుపుతాను - మనిషి వెళ్ళేటప్పుడు అతని డేటా ఎవరికి అప్పగించాలో కాగితం మీద రాసి ఉండాలి. సంతకం అయ్యాకే ఫార్మాట్.

ఒమాన్ 2020లో సాంకేతిక కళాశాలలను కలిపి ఒకే విశ్వవిద్యాలయం చేసింది. ఇబ్రా కళాశాల కూడా అందులో భాగమే. విద్యా పరిశోధన సంస్థలను కలపడానికి ఒమ్రెన్ అనే నెట్‌వర్క్ ఏర్పడింది. ఇండియాలో 2010లో నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ మొదలైంది. అంటే కాలువలున్నాయి. ఏ చెరువులో నింపాలి, వకీల్ ఎవరు, ఖర్చు ఎవరిది అన్నవే తేలాలి.

ఇది పరిశోధకుల గొడవే అనుకోకండి. చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి గారి చొరవతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. తరువాత ఆ పాత వెబ్‌సైటు మూతబడింది. ఎవరో పుణ్యాత్ములు కాపీలు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టబట్టి ఇవాళ మనం వాటిలో ఎన్నో చదువుకోగలుగుతున్నాం.

చివరగా ఒక ప్రశ్న. మన పాత మహాసభల సావనీర్ల ఫైళ్ళు ఎక్కడున్నాయి? ఏ మాజీ కార్యదర్శి ల్యాప్‌టాప్‌లోనో ఉండి ఉంటాయి. ఈ హాలులో సర్వర్లు, డిస్కుల మీద బతికేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. భోజనాలయ్యాక నలుగురం కూర్చుందాం. కాపీలు ఎవరి దగ్గరున్నాయో ముందు రాసుకుందాం. నేను కాగితం, కలం తెచ్చాను.