అలెక్ గిన్నిస్ నడక

గోడ మీది కాగితంలో నేటి అంశం 'స్టార్ వార్స్ తాతగారు' అని వేశారు. వేసినవారి మీద నాకు కోపం లేదు. కొంచెం ఉంది. 1977లో ఆ సినిమా వచ్చేనాటికి అలెక్ గిన్నిస్‌కి అరవై మూడేళ్లు. ఆస్కారూ, సర్ బిరుదూ ఎప్పుడో వచ్చేశాయి. 1934లో నటుడు గీల్‌గుడ్ 'హామ్లెట్'లో చిన్న వేషం వేసిన కుర్రాడు, 1938లో ఓల్డ్ విక్ నాటకశాలలో తానే హామ్లెట్ అయ్యాడు. అవన్నీ వదిలేసి ఆ వెలుగుకత్తినే పట్టుకుని వేలాడతారేమిటండీ!

రెండో అపోహ ఇంకా మొండిది. 'ఆయనదంతా మేకప్పే' అంటారు. 1949లో 'కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్'లో ఒకే వంశంలోని ఎనిమిదిమందిగా వేశాడు, ఒక ఆడవేషంతో సహా. మీసాలు మారిస్తే ఎనిమిది మీసాలొస్తాయి, ఎనిమిదిమంది మనుషులొస్తారా? గిన్నిస్ పాత్రను పాదాల దగ్గర పట్టుకునేవాడు. నడక దొరికాకే మనిషి దొరికేవాడు.

'బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' తెలుసుగా? ఆ, ఈల పాట అదే. బాబూ, చాలు, ఆపు. సిలోన్‌లో తీశారు. తాను వేసిన యుద్ధఖైదీ కల్నల్ నికొల్సన్‌లో కాస్త హాస్యం ఉండాలని ఈయన, కుదరదని దర్శకుడు డేవిడ్ లీన్, ఒకటే కీచులాట. సరే, కల్నల్‌ని ఎండలో రేకుల కొట్లో పడేస్తారు. బయటికి తెచ్చాక జపాన్ అధికారి గదిదాకా నడవాలి. కాళ్లు మాట వినవు, పరువు తూలనివ్వదు. ఆ నడక ఎక్కడిదనుకున్నారు? కన్నకొడుకుది. మాథ్యూకి పదకొండో ఏట పోలియో వచ్చి నడుం కింద చచ్చుబడింది. ఆ రోజుల్లో గిన్నిస్ దారిలో ఉన్న చర్చిలోకి వెళ్లి కూర్చునేవాడు. పిల్లాడు కోలుకుంటే, వాడు క్యాథలిక్ అవుతానన్నా అడ్డుచెప్పనని మొక్కుకున్నాడు. మొక్కంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? వాడు కోలుకున్నాడు. 1956లో తండ్రీ ఆ మతంలో చేరాడు. పిల్లాడు మళ్లీ నడక నేర్చుకుంటూ అడుగు వేసిన తీరే కల్నల్ కాళ్లలోకి వచ్చింది. తన నటన మొత్తంలో ఆ కాసేపే మేలైనదని గిన్నిస్ అనుకునేవాడు. ఇప్పుడు చెప్పండి, అది మేకప్పా?

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. గబగబా చెప్పేస్తాను. 'ఆలివర్ ట్విస్ట్'లో ఆయన వేసిన ఫేగిన్‌కి పెట్టిన ముక్కు యూదుల్ని కించపరిచిందని గొడవై, 1948 నాటి ఆ సినిమా అమెరికాలో 1951దాకా ఆడలేదు. ఆ అభ్యంతరం న్యాయమే. 1964లో బ్రాడ్‌వే నాటకం 'డిలాన్'కి టోనీ బహుమతి. 1979లో బీబీసీ 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై'లో గూఢచారి స్మైలీగా, కళ్లజోడు తుడుచుకుంటూనే ఎదుటివాణ్ణి హడలగొట్టేవాడు. తప్పక చూడండి.

ఇక బెంగళూరు ప్రాంతంలో తీసిన 'ఎ ప్యాసేజ్ టు ఇండియా', 1984. ఒంటికి రంగు పూసుకుని ప్రొఫెసర్ గోడ్‌బోలేగా వేశాడు. ఎంత అభిమానమున్నా ఆ వేషాన్ని నేను వెనకేసుకురాను. ఆయన సాధన చేసిన నాట్యాన్ని లీన్ చాలామటుకు కత్తిరించేశాడు. ఆ ఒక్క విషయంలో లీన్‌కి నా దండం. ప్రశ్నలుంటే అడగండి.