అప్పు తీరేదాకా మనసు జారకుండా
(బెంగళూరులో మిల్లు, గార్మెంట్ కార్మికుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నేను మాట్లాడబోయేది వేతన ఒప్పందం గురించి కాదు, కరువు భత్యం గురించి కాదు. ఇంట్లో తలుపు వేసుకొని గుసగుసగా మాట్లాడుకునే విషయం గురించి. అదే అప్పు. గేటు మీటింగులో జీతం పెంచమని గొంతెత్తి అడుగుతాం. కానీ నాకు ఇంత అప్పుంది అని పక్క మిషను మీద కూర్చున్న మనిషికి కూడా చెప్పం. కొందరు కట్టుకున్నవాళ్ళకు కూడా చెప్పరు. ఆ మనిషి ఒకరోజు పనికి రాడు, ఫోను ఎత్తడు, ఇంటికి తాళం ఉంటుంది. అప్పుడు గానీ మనకు తెలియదు.

అందుకని మొదటి మాటగా ఒకటి చెబుతాను. అప్పు మీ ఒక్కరి ఇంటి తప్పు కాదు. ఇది కార్మికవర్గం పుట్టినప్పటి నుంచీ ఉన్న జబ్బు. బ్రిటిషువాళ్ళ కాలంలో 1929లో విట్లీ అధ్యక్షతన ఒక రాయల్ కమిషన్ వేశారు. మన కార్మికోద్యమ నాయకుడు ఎన్.ఎం. జోషి అందులో సభ్యుడు. దేశంలోని మిల్లులూ, గనులూ, తోటలూ తిరిగి 1931లో వాళ్ళు నివేదిక ఇచ్చారు. చాలా పారిశ్రామిక కేంద్రాల్లో మూడింట రెండు వంతుల కార్మిక కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయనీ, ఎక్కువమందికి ఆ అప్పు మూడు నెలల జీతానికి మించి ఉందనీ అందులో రాశారు. బిన్నీ, మినర్వా, రాజా మిల్లుల సైరన్లు మోగిన రోజుల్లో మన తాతలూ తండ్రులూ ఈ బరువు మోశారు. ఆ మిల్లులు పోయాయి. రాజా మిల్లు స్థలంలో మల్లేశ్వరంలో ఇప్పుడు పెద్ద మాల్ నిలబడి ఉంది. అప్పు మాత్రం మిల్లుతో పాటు పోలేదు. పీణ్యాకూ, బొమ్మనహళ్ళికీ, మైసూరు రోడ్డుకూ మన వెంట వచ్చింది.

ఇందులో సిగ్గుపడవలసింది మనం కాదు. జీతం చాలనప్పుడు పుట్టే అప్పు దుబారా వల్ల పుట్టినది కాదు. కాబట్టి సిగ్గును పక్కన పెట్టి లెక్కలోకి వద్దాం.

ఒక ఇల్లు అనుకుందాం. అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆలుమగలు ఇద్దరూ పనిచేస్తారు. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కోతలు పోను ఇద్దరికీ కలిపి నెలకు చేతికొచ్చేది 24,000 రూపాయలు. బాడుగ, బియ్యం, గ్యాసు, పిల్లల ఖర్చు, ఊళ్ళో ముసలివాళ్ళకు పంపేది అన్నీ కలిపి 18,500. మిగిలేది 5,500. అప్పులు ఇవి: వీధిలోని వడ్డీ వ్యాపారి దగ్గర 20,000, నెలకు నూటికి అయిదు రూపాయల వడ్డీ. తాకట్టు అంగడిలో నగల మీద 40,000, రెండు రూపాయల వడ్డీ. మైక్రో ఫైనాన్స్ సంఘం అప్పు, నెలకు 1,900 చొప్పున ఇంకా 20 కంతులు. బావమరిది ఇచ్చిన చేబదులు 25,000, వడ్డీ లేదు.

ఈ ఇంటివాళ్ళు మామూలుగా ఏం చేస్తారు? వీధి వ్యాపారికి వడ్డీ 1,000 కడతారు. నగల వడ్డీ 800 కడతారు. కంతు 1,900 కడతారు. 3,700 పోయింది. మిగిలిన 1,800లో బావమరిదికి ఒక 500, ఇంకొకరికి ఒక 500, మిగతాది ఎటు పోయిందో తెలియదు. అందరికీ కొంచెం కొంచెం ఇచ్చాం, అందరి నోరూ మూయించాం అనుకుంటారు. ఏడాది తిరిగాక చూస్తే వీధి వ్యాపారి అసలు 20,000 అలాగే ఉంటుంది. ఇక్కడే మనసు విరిగిపోతుంది. ఎంత కట్టినా తరగదు, కట్టి ఏం లాభం అనిపిస్తుంది. దాన్ని మన బద్ధకం అనకండి. తరగని విధంగా కడుతున్నాం కాబట్టి తరగడం లేదు.

అదే 1,800 మొత్తాన్ని అయిదు రూపాయల వడ్డీ మీదికి తోయండి. వడ్డీ వెయ్యితో కలిపి ప్రతి నెలా 2,800 కట్టండి. మొదటి నెల అసలు 18,200కు దిగుతుంది. రెండో నెల 16,310. నాలుగో నెలకు 12,242. ఆరో నెలకు 7,757. తొమ్మిదో నెల కట్టాక మిగిలేది సుమారు 150 రూపాయలు. పదో నెలలో అది చెల్లిపోతుంది. ఇంటి ఆదాయం ఒక్క రూపాయి పెరగలేదు. తిండి ఒక్క ముద్ద తగ్గలేదు. కట్టే వరస మారింది, అంతే.

పదో నెల నుంచి ఆ 2,800 ఖాళీ అవుతుంది. దాన్ని ఖర్చులోకి రానివ్వకుండా నగల అప్పు మీదికి తిప్పండి. ఇరవయ్యో నెలకు సంఘం కంతులు అయిపోతాయి. ఆ 1,900 కూడా నగల మీదికే. ఇరవై రెండో నెలలో నగలు ఇంటికొస్తాయి. చివరికి బావమరిది అప్పు. మొత్తం ఇరవై ఆరు నెలలు. ఇందులో బోనస్ లెక్క వేయలేదు. చట్టం ప్రకారం మనకు వచ్చే కనీస బోనస్ 8.33 శాతం, అంటే సుమారు ఒక నెల జీతం. అది వచ్చినప్పుడల్లా గడువు ఇంకా దగ్గరవుతుంది.

కొందరు వ్యాపారులు అసలు కొంచెం కొంచెంగా తీసుకోరు. మొత్తం తెస్తేనే తీసుకుంటామంటారు. వాళ్ళకు కావలసింది మన వడ్డీ, వాళ్ళ అసలు కాదు. అలాంటప్పుడు ఆ 1,800 వేరే ఖాతాలో వేసి, బోనస్ కలిపి ఒకేసారి తీసుకెళ్ళి ఇవ్వండి. కాగితం వెనక్కి తీసుకోండి. ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే అదీ తీసుకోండి. నగలు తాకట్టు అంగడిలో ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. చాలా బ్యాంకుల్లో నగల మీద వడ్డీ నెలకు నూటికి రూపాయికి అటూ ఇటూ ఉంటుంది. విడిపించి అక్కడికి మార్చే వీలుంటే మార్చండి.

సరే, లెక్క బాగుంది. ఇరవై ఆరు నెలలు మనసు నిలబడాలి కదా! కష్టమంతా అక్కడే ఉంది. మొదటి రెండు నెలలు అందరూ పట్టుదలగా ఉంటారు. తర్వాత జూన్‌లో బడి ఫీజు వస్తుంది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, తర్వాత వినాయక చవితి. ఊళ్ళో జాతర. చెల్లెలి ఇంట్లో సీమంతం. ఈలోగా పిల్లకు జ్వరం. ఒక నెల తప్పుతుంది. ఒక నెల తప్పగానే అంతా పోయింది అనుకొని మొత్తం వదిలేస్తాం. మిల్లులో ఒక పోగు తెగితే మనం ఏం చేస్తాం? ముడి వేసి మళ్ళీ నడుపుతాం. ఒక పోగు తెగిందని గుడ్డ మొత్తం చించేస్తామా? తప్పిన నెలను తెగిన పోగు అనుకోండి. వచ్చే నెల ముడి వేయండి.

మనసు నిలబెట్టడానికి నాలుగు పనులు చెబుతాను. ఖర్చు లేని పనులే.

ఒకటి, అప్పులన్నీ ఒక కాగితం మీద రాయాలి. ఆలుమగలు కలిసి కూర్చొని రాయాలి. పదో తరగతి దాటిన పిల్లలుంటే వాళ్ళనూ కూర్చోబెట్టాలి. దాచిన అప్పు ఇంట్లో గొడవ పెట్టినంతగా చెప్పిన అప్పు పెట్టదు. పిల్లలకు నిజం తెలిస్తే కొత్త ఫోను అడగడం వాళ్ళే మానుకుంటారు.

రెండు, గోడ మీది క్యాలెండరులో ప్రతి నెలా మిగిలిన అసలు రాయాలి. 20,000 కొట్టేసి 18,200. అది కొట్టేసి 16,310. తరిగే అంకె కంటికి కనబడాలి. పీసు రేటు కార్మికుడికి సాయంత్రం లెక్క చూసుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే.

మూడు, తిండి కోయకండి. పిల్లల పాలు, గుడ్డు ఆపి కట్టిన అప్పు ఆసుపత్రి బిల్లుగా తిరిగొస్తుంది. కోయవలసినవి వేరే ఉన్నాయి. మనకు హక్కుగా వచ్చేదాన్ని వదులుకొని చేతి డబ్బు పెడుతున్నాం. ఆంధ్రా రేషన్ కార్డు ఉన్నవాళ్ళు, ఒకే దేశం ఒకే రేషన్ పద్ధతిలో ఇక్కడి చౌకడిపోలోనూ ఆహార భద్రతా చట్టం కింది బియ్యం తీసుకోవచ్చు. కర్ణాటక బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమిచ్చే శక్తి పథకం 2023 జూన్ 11న మొదలైంది. అయితే ఇక్కడి చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి. పదేళ్ళుగా ఇక్కడే ఉంటూ ఆధార్‌లో ఊరి చిరునామా పెట్టుకున్న అక్కలు రోజూ టికెట్టు కొంటున్నారు. ఇక జ్వరం వస్తే వీధి చివరి క్లినిక్‌కు పరుగెత్తుతాం. నెలనెలా మన జీతంలోంచి ఇ.ఎస్.ఐ.కి కోత పోతోంది. రాజాజీనగర్‌లో, ఇందిరానగర్‌లో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రులున్నాయి. జబ్బు సెలవులో ఉన్నప్పుడు ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వచ్చే హక్కు కూడా ఉంది. క్యూ పొడుగే, కాదనను. కానీ ఆ క్యూ అయిదు రూపాయల వడ్డీ కంటే చౌక.

నాలుగు, ఒంటరిగా మోయకండి. మన లైనులో మరో కుటుంబాన్ని జోడు చేసుకోండి. నెలకొకసారి వాళ్ళ కాగితం మీరు చూడండి, మీ కాగితం వాళ్ళు చూస్తారు. డబ్బు ఇచ్చిపుచ్చుకోవద్దు, లెక్క మాత్రమే. ఈ నెల కట్టావా వదినా అని అడిగే మనిషి ఒకరుంటే చాలు.

వీటితో పాటు ఒక కట్టుబాటు ఉండాలి. పాత అప్పు తీర్చడానికి కొత్త మైక్రో అప్పు తీసుకోకూడదు. ఆ దారి ఎటు పోతుందో 2010లో ఆంధ్రప్రదేశ్ చూసింది. ఒకే ఇంటిమీద నాలుగైదు సంస్థల అప్పులు, వారం వారం వసూళ్ళు, ఆత్మహత్యలు. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. తర్వాత రిజర్వు బ్యాంకు కూడా నిబంధనలు మార్చింది. 2022 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం ఒక కుటుంబం నెలనెలా కట్టే కంతులన్నీ కలిపి ఆదాయంలో సగానికి మించకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోను చేయకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు.

కర్ణాటకలో 2025 ఫిబ్రవరిలో ఇంకో ఆర్డినెన్స్ వచ్చింది, తర్వాత అదే చట్టమైంది. చిన్న అప్పులకు బెదిరించి, వేధించి వసూలు చేస్తే పదేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. ఇంటి ముందు నిలబడి కేకలు వేసేవాడికి ఈ సంగతి తెలుసు. మనకు తెలియదనే వాడి ధైర్యం. అలాంటివాడు వస్తే ఒంటరిగా బతిమాలకండి. యూనియన్‌కు కబురు చేయండి. నలుగురం కలిసి పోలీసు స్టేషనుకు వెళ్దాం. తీసుకున్న అప్పు తీరుస్తాం. మర్యాద అమ్ముకోము.

పి.ఎఫ్. గురించి ఒక్క మాట. 2016లో పి.ఎఫ్. తీసుకోవడం మీద కేంద్రం కొత్త ఆంక్షలు పెట్టినప్పుడు, బెంగళూరు గార్మెంట్ అక్కచెల్లెళ్ళు వేలాదిగా హోసూరు రోడ్డు మీదికి వచ్చారు. ఏప్రిల్ 18న మొదలైంది, 19న కేంద్రం వెనక్కి తగ్గింది. ఎందుకంత కోపం? పేదవాడి చేతిలో ఉన్న ఒకే ఒక్క నిల్వ అది. కోర్టు జప్తు కూడా దాన్ని ముట్టదు. అప్పులవాడు ముట్టలేని డబ్బును మనమే మొదటి కష్టానికి తీసి అతని చేతిలో పెట్టకూడదు. తీయక తప్పని రోజు వస్తే నలుగురితో ఆలోచించి తీయండి.

మిత్రులారా! పొదుపుతోనే కార్మికుడి కష్టాలు తీరతాయని నేను చెప్పడం లేదు. బాడుగ పెరిగినంతగా జీతం పెరగనంతకాలం కొత్త అప్పులు పుడుతూనే ఉంటాయి. ఆ పోరాటం వేరే చేయాలి, చేస్తాం. అయితే అప్పులో మునిగిన కార్మికుడు సమ్మె రోజున వడ్డీవాణ్ణి తలచుకొని వణుకుతాడు. ఓవర్‌టైం వద్దనలేడు. సూపర్‌వైజరు తిట్టినా తల వంచుతాడు. ఒక్క అప్పు తీరిన ప్రతి ఇంట్లోనూ ఒక మనిషి వెన్ను నిటారుగా నిలుస్తుంది.

చివరగా, మీలో ఎవరికైనా ఈ అప్పుల మధ్య ఇక బతికి ఏం లాభం అన్న ఆలోచన వచ్చి ఉంటే, ఆ మాట ఈ రాత్రే ఒక మనిషితో చెప్పండి. భార్యతోనో, భర్తతోనో, యూనియన్ ఆఫీసులో ఉన్నవాళ్ళతోనో. లక్షా పదిహేను వేలైనా, మూడు లక్షలైనా అది అంకె మాత్రమే. అంకెను కొట్టేసి తక్కువ అంకె రాయవచ్చు. మనిషిని మళ్ళీ రాయలేం.

వచ్చే జీతం పడిన ఆదివారం ప్రతి ఇంట్లోనూ కాగితం రాయండి. రాసినవాళ్ళు, లెక్క కుదరనివాళ్ళు ఆ సాయంత్రం యూనియన్ ఆఫీసుకు రండి. కలిసి కూర్చొని వరస వేద్దాం.