కొత్తవలస–కిరండూల్ లైను వంతెనలు



కొన్ని దేశాల్లో కొయ్య వంతెనలకు వానకు కుళ్ళకుండా కప్పు వేస్తారు. మన అరకు కొండల్లో రైలుకు కొండే కప్పు! బైలడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన ఈ లైనులో 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. వంతెన దాటితే సొరంగం, సొరంగం దాటితే వంతెన. సిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. అక్కణ్ణుంచి లోడు బండి దింపడమంటే బ్రేకుల మీదే ప్రాణం.

ఓ శ్రావణమాసం రాత్రి కట్టింగులో బండరాయి జారింది. పెట్రోల్‌మన్ పట్టాల మీద డిటోనేటర్లు పెట్టి, ఎర్రలాంతరు ఊపుతూ ఎదురు పరిగెత్తుకొచ్చాడు. బండి ఆపగలిగాను. ఆ కంగారులో అతని పేరైనా అడగలేదు.